ఆలూ లేదు చూలూ లేదు, కోడు పేరు సోమలింగం

మొన్నామధ్య మా టీములో ఒక కుర్రాడు నాకో ప్యాచ్ పంపించాడు. మేము చేసేది ఆపరేటింగు సిస్టము అడుగున ఉండే డ్రైవర్ల పని. కుర్రాడు తెలివైనవాడు, కోడు కూడా శుభ్రంగా రాశాడు. అడిగిన పని నలభై లైన్లలో అయిపోయింది. దానికి తోడుగా ఇంకో ఆరువందల లైన్లు దిగాయి. ఇవెందుకయ్యా అంటే, "అన్నా, రేపు రెండో రకం కార్డు వచ్చిందనుకో, మళ్ళీ అంతా కదిలించక్కర్లేదు, ఇప్పుడే పెట్టేశా" అన్నాడు. రెండో రకం కార్డు ఎవరు తయారుచేస్తున్నారు? ఎవరూ చెయ్యట్లేదు. ఎప్పుడొస్తుంది? తెలీదు. వస్తే ఎలా ఉంటుంది? అదీ తెలీదు.

మన పెద్దవాళ్ళు ఇలాంటి వాటికి ఎప్పుడో సామెత కట్టేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అది చెప్పేసి ఆ ఆరువందల లైన్లూ కొట్టేద్దామనుకున్నాను. కానీ అదే పెద్దవాళ్ళు ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని కూడా అన్నారు. సామెతలతో వచ్చిన చిక్కే ఇది, అటు ఒకటీ ఇటు ఒకటీ ఉంటాయి. ఏది ఎప్పుడు వర్తిస్తుందో మాత్రం సామెత చెప్పదు.

అందుకని రెండు రోజులు గడువడిగి, ఆలోచనలో పడ్డాను. అవసరం రాకముందే ఆపరేటింగు సిస్టములో కోడు పెట్టాలా వద్దా? దీని మీద అభిప్రాయాలకేం, బోలెడున్నాయి. జరిగినవి ఒక వరసలో పెట్టి చూస్తే ఏమైనా తేలుతుందేమోనని ఈ ప్రయత్నం.

నేను ఆపరేటింగు సిస్టముల గురించి మొదట చదివింది కోఠీలో కొన్న పుస్తకంలో. హైదరాబాదులో ఇంజనీరింగు చదివిన వాళ్ళకి కోఠి గురించి వేరే చెప్పక్కర్లేదు. సెమిస్టరు మొదట్లో అక్కడ కొనడం, చివర్లో అక్కడే అమ్మడం. బస్సు దిగి పేవ్‌మెంటు మీద గుట్టలు కెలుకుతుంటే మారిస్ బాక్ 1986లో రాసిన యూనిక్స్ పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది, సగం పేజీల మీద ఎవరో పెన్సిలుతో గీతలు గీశారు. "పాతదే గానీ మంచిగుంది సార్, తీస్కోండ్రి" అన్నాడు కొట్టు అబ్బాయి. తీసుకున్నాను. ఇప్పటికీ ఉంది. ఆ పుస్తకంలో నాకు బాగా పట్టేసింది ఏమిటంటే, యూనిక్సు ఎంత చిన్నదో. ఫైలు అంటే బైట్ల వరస, అంతే. లోపల రికార్డులున్నాయా, ఇండెక్సు ఉందా అన్నది కెర్నెలుకి అనవసరం. కావలసినవాడు పైన కట్టుకోవాలి.

ఇక లినక్సు కథ మీ అందరికీ తెలిసిందే. 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ మినిక్సు న్యూస్‌గ్రూపులో తను చేస్తున్న పని గురించి రాసినప్పుడు, ఇది వేరే మెషీన్ల మీదికి తీసుకెళ్ళడానికి పనికిరాదని తనే ఒప్పేసుకున్నాడు. తన దగ్గరున్నది 386. దానికే రాశాడు, ఆ చిప్పులో ఉన్న సౌకర్యాలన్నీ నేరుగా వాడేసుకున్నాడు. 1992 జనవరిలో మినిక్సు రాసిన ఆండ్రూ టానెన్‌బామ్ అదే గుంపులో ఆయన్ని దులిపేశాడు. ఒకే చిప్పుకి అతుక్కుపోయిన కెర్నెలు ఏమిటి, ఈ కాలంలో ఇలా కడతారా అని. టానెన్‌బామ్ మాటలో తప్పు లేదు. పుస్తకం ప్రకారం ఆయనే కరెక్టు.

కానీ తరవాత ఏం జరిగింది? డిజిటల్ కంపెనీ వాళ్ళ ఆల్ఫా మెషీను లైనస్ చేతికి వచ్చింది. అప్పుడు కూర్చుని, 386కి సంబంధించినదేదో, అందరికీ పనికొచ్చేదేదో విడదీశాడు. 1995 మార్చిలో వచ్చిన 1.2లో ఆల్ఫా, స్పార్క్, మిప్స్ చేరాయి. రెండో మెషీను ఎదురుగా ఉంది కాబట్టి గీత ఎక్కడ గియ్యాలో తెలిసింది. 1991లోనే ఊహించి గీసి ఉంటే? ఎక్కడ గీసేవాడో ఎవరు చెప్పగలరు? మరోవైపు 1990లో మొదలైన గ్నూ హర్డ్‌ని చూడండి. అన్ని అవసరాలకీ సరిపోయేలా ఎంతో అందమైన డిజైను. ఇవ్వాళ్టికీ 1.0 విడుదల కాలేదు.

లినక్సు వాళ్ళు దీన్ని ఒక ఆచారంగానే పెట్టుకున్నారు. కెర్నెల్లో వాడేవాడు లేని ఫంక్షను తీసుకురండి, "దీన్ని ఎవరు వాడుతున్నారు?" అన్నదే మొదటి ప్రశ్న. "రేపు వాడతారు" అంటే, "అయితే రేపే తీసుకురా" అంటారు. ముందెప్పుడో చేరిపోయినదైనా సరే, వాడేవాడు లేడని తేలితే తీసి పారేస్తారు.

నా మటుకు నాకు ఇది చేతులు కాల్చుకున్నాక గానీ ఎక్కలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక నెట్‌వర్కు డబ్బా కోసం ప్యాకెట్లని వడగట్టే ఫిల్టరు రాయమన్నారు. ఒక ఫిల్టరు అడిగితే, ఎన్ని ఫిల్టర్లైనా తగిలించుకునేలా కొక్కేలూ, ఒక జాబితా, ముందువెనకల లెక్కా, అన్నీ పెట్టి రాశాను. డిజైను బాగుందని చప్పట్లు కూడా కొట్టారు. నాలుగేళ్ళపాటు ఆ జాబితాలో ఉన్నది ఒకే ఒక్క ఫిల్టరు. నాలుగేళ్ళ తరవాత ఒక రాత్రి కస్టమరు దగ్గర డబ్బాలు వరసగా కూలిపోవడం మొదలైంది. మూడు రాత్రులు వెతికితే దొరికింది. జాబితాలో రెండోది ఉందా అని చూసే చోట, ఒక అరుదైన సందర్భంలో, చెత్త విలువని పట్టుకుని అదే రెండో ఫిల్టరు అనుకుంటోంది. లేని ఫిల్టరుని వెతుక్కుంటూ వెళ్ళి గోతిలో పడుతోందన్న మాట. ఆ మూడు రాత్రుల్లో మధ్యది మా చెల్లెలి నిశ్చితార్థం. ఫోటోల్లో నేను లేను. ఆ రెండో ఫిల్టరు ఇవ్వాళ్టికీ పుట్టలేదు.

అప్పట్నించీ నేను సోమలింగం సామెత పార్టీ. ఎవరు ఏం తెచ్చినా "వాడేవాడెవడు?" అని అడిగేవాణ్ణి. మా కుర్రాడి ప్యాచ్ దగ్గర కూడా అదే అడగబోయాను. కానీ ఆ రాత్రి ఇంట్లో ఇలాంటి టపా ఒకటి రాసుకుంటూ, తెలుగులో టైపు చేస్తూ, టక్కున ఆగిపోయాను. ఈ తెలుగు నా కంప్యూటర్లోకి ఎలా వచ్చింది? నేను చెప్పే సూత్రం ప్రకారమైతే వచ్చి ఉండాల్సిందేనా?

చరిత్ర కొంచెం చూద్దాం. ఐఐటీ కాన్పూరులో మొదలై సీడాక్ చేతికి వచ్చిన జిస్ట్ అనే సాంకేతికం ఉండేది. డాస్ రోజుల్లోనే కంప్యూటర్లో ఆ కార్డు గుచ్చితే భారతీయ లిపులు కనపడేవి. దాని వెనకాల ఇస్కీ అనే సంకేతాల పట్టిక ఉంది. 1988లో ఒక రూపానికి వచ్చి, 1991లో భారత ప్రమాణంగా ఖరారైంది. అందులోని గొప్ప ఆలోచన ఏమిటంటే, మన లిపులన్నింటికీ ఒకే వరస. నాగరిలో 'క' ఏ స్థానంలో ఉందో తెలుగులో 'క' కూడా అదే స్థానంలో ఉంటుంది. 1991లో వచ్చిన యూనికోడు మొదటి కూర్పు ఆ 1988 నాటి వరసనే తీసుకుని, తెలుగుకి 128 గళ్ళు కేటాయించింది. 3072వ స్థానం నుంచి 3199 దాకా.

1991లో ఆ గళ్ళని వాడేవాడెవడు? అప్పటికి విండోసులో గానీ, యూనిక్సులో గానీ యూనికోడు తెలుగు గీసే కోడే లేదు. మన పక్కనా అడిగినవాళ్ళు కనపడరు. పత్రికల వాళ్ళకి వాళ్ళ సొంత ఫాంట్లు ఉన్నాయి, డీటీపీ వాళ్ళకి వాళ్ళ ఫాంట్లు ఉన్నాయి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు న్యూస్‌గ్రూపుల్లో ఆర్టీయెస్సు అని ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసేసుకునేవాళ్ళు. ఎవరి పని వాళ్ళకి జరిగిపోతోంది. 2000లో వచ్చిన విండోసులో నాగరి, తమిళం చేరాయి. తెలుగు మాత్రం 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది.

వచ్చిందన్న మాటే గానీ, వచ్చినట్టు తెలిసేది కాదు. ఎక్స్‌పీ వాడిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి, ప్రాంతీయ భాషల పేజీ తెరిచి, 'కాంప్లెక్స్ స్క్రిప్టు' అన్న పెట్టెలో టిక్కు పెడితే, అది కాస్తా ఎక్స్‌పీ సీడీ అడిగేది. ఒకసారి కోఠీలో పుస్తకాలు కొనుక్కుని, పక్క సందులో నెట్ సెంటర్లో కూర్చుని తెలుగు పేజీ తెరిచాను. అన్నీ డబ్బాలు డబ్బాలుగా కనపడ్డాయి. కౌంటర్లో అబ్బాయిని సీడీ అడిగాను. "సీడీ లేదన్నా. తెలుగు ఎవరడుగుతరు, మీరే ఫస్టు" అన్నాడు. కోడు ఉంది, కానీ ఎవరూ అడగరనుకుని పక్కన పెట్టారు. పక్కన పెట్టారు కాబట్టి డబ్బాలే కనపడ్డాయి. డబ్బాలు కనపడే చోట ఎవడు మాత్రం అడుగుతాడు?

ఆ తరవాత కథ మనకి తెలుసు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. లేఖిని వచ్చింది, పద్మ వచ్చింది, పోతన, వేమన ఫాంట్లు వచ్చాయి, ఒకళ్ళని చూసి ఒకళ్ళు బ్లాగులు మొదలెట్టారు. టిక్కు ఎక్కడ పెట్టాలో బొమ్మలతో చెప్పే పేజీలు తయారయ్యాయి. అవసరం లేదనుకున్న చోట అంతమంది ఎక్కణ్ణించి ఊడిపడ్డారు? ఊడిపడలేదు. వాళ్ళు అంతకుముందూ ఉన్నారు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తూ సర్దుకుపోయారు. సర్దుకుపోయేవాడి అవసరం ఎవరి లెక్కలోనూ పడదు. వాడు ఫిర్యాదు చెయ్యడు కదా.

ఇది కంప్యూటర్లతో మొదలైన కథ కాదు. దీనికి పాత ఉదాహరణ మళ్ళీ కోఠీలోనే ఉంది.

కోఠి అంటే బంగళా. ఆ పేరుకి కారణమైన బంగళా జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిషు రెసిడెన్సీ. తరవాత ఉమెన్స్ కాలేజీ అయింది, ఇప్పుడు విశ్వవిద్యాలయం. దాని చుట్టూ ఉన్న బజార్లలో 1933 దాకా రెసిడెంటు అధికారమే చెల్లేది. ఇప్పటి సుల్తాన్ బజారు అందులోదే. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగైనా, కచేరీలోనూ బడిలోనూ నడిచేది ఉర్దూ. అలాంటి ఊళ్ళో 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు లాంటి వాళ్ళు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అని ఒక తెలుగు గ్రంథాలయం పెట్టారు. రంగారావుగారి ఇంట్లో మొదలైంది, తరవాత సుల్తాన్ బజారులో సొంత భవనానికి వచ్చింది. ఇప్పటికీ ఉంది.

"వాడేవాడెవడు?" అని నాలాంటి వాడు అప్పుడు అడిగి ఉంటే జవాబు చెప్పడం కష్టమే అయ్యేది. చదువుకున్నవాళ్ళు ఉర్దూతోనో, ఇంగ్లీషుతోనో సర్దుకుపోతున్నారు. మరి ఆ సర్దుబాటు ఎంత పల్చటిదో ఇరవై ఏళ్ళకి బయటపడింది. 1921 నవంబరులో, కోఠీకి పక్కనే ఉన్న వివేకవర్ధిని థియేటర్లో సంఘ సంస్కరణ సభ జరిగింది. వేరే భాషల్లో మాట్లాడితే విన్నవాళ్ళు, ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మొదలుపెట్టేసరికి గోల చేసి కూర్చోబెట్టేశారు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్ళు ఒకచోట చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అంతవరకూ కనపడని అవసరం ఒక్క రాత్రిలో కనపడింది. అప్పటికి ఊళ్ళో తెలుగు చదువుకునే చోటు ఒకటి ఇరవై ఏళ్ళుగా నిలబడి ఉంది.

అయితే ఒకటి గమనించండి. 1901లో వాళ్ళు పెట్టింది చోటు. వెయ్యి పుస్తకాలు ముందే అచ్చేసి, చదివేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. లక్ష్మణరావుగారు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి పుస్తకాలు వెయ్యడం మొదలుపెట్టింది 1906లో. ముందు జాగా, తరవాత సరుకు.

ఈ ముక్క పట్టుకుని మళ్ళీ యూనికోడు దగ్గరకి వెళితే నాకు విషయం అర్థమైంది. 1991లో తెలుగుకి ఇచ్చింది కోడు కాదు, జాగా. 128 గళ్ళలో మొదట నింపినవి 80. మిగతావి ఖాళీ. గీసే కోడు పదేళ్ళ తరవాత, నిజంగా గియ్యాల్సిన ఆపరేటింగు సిస్టములో వచ్చింది. ఆ ఖాళీ గళ్ళేమయ్యాయో చూడండి. 2008లో వచ్చిన 5.1 కూర్పులో ఒకేసారి పదమూడు నిండాయి: దంత్య చ, జలు (ౘ, ౙ), అవగ్రహం (ఽ), పాత లెక్కల్లో భిన్నాలకి వాడే గుర్తులూ వగైరా. 2021 నాటికి లెక్క వందకి చేరింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది 3124వ గడి. నాగరి పట్టికలో ఆ స్థానంలో, తమిళంలోని 'ழ' ధ్వనికి సరిపోయే అక్షరం ఉంది. తెలుగులో అలాంటిది లేదు కదా అని ఆ గడి ఖాళీగా వదిలేశారు. పాత తెలుగు శాసనాల్లో మాత్రం ఆ అక్షరం ఉంది. శాసనాలు చదివేవాళ్ళకి అది కావలసి వచ్చింది. 2014లో 7.0 కూర్పులో 'ఴ' వచ్చి, తన కోసమే ఉంచినట్టున్న ఆ గడిలో కూర్చుంది. ఇరవైమూడేళ్ళు ఆ ఖాళీకి పైసా ఖర్చు లేదు, దానివల్ల ఒక్క బగ్గూ రాలేదు.

అదే పట్టికలో 3157వ గడిలో 'పొడవు గుర్తు' అని ఒకటుంది. మొదట్నించీ ఉంది. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా టైపు చెయ్యలేదు. మీరూ చేసి ఉండరు. కానీ తీసెయ్యడానికి లేదు, ఎందుకంటే యూనికోడులో ఒకసారి చేరిన అక్షరాన్ని తీసెయ్యరు, జరపరు, పేరు కూడా మార్చరు. తెలుగు ఫాంటు చేసే ప్రతివాడూ, సార్టింగు రాసే ప్రతివాడూ దాన్ని మొయ్యాల్సిందే. ఖాళీ గడికీ, నింపేసిన గడికీ తేడా ఇదీ. ఖాళీగా ఉన్నదాన్ని ఎప్పుడైనా నింపుకోవచ్చు. నింపిందాన్ని ఖాళీ చెయ్యలేం.

కెర్నెలు వాళ్ళు ఈ పాఠం వేరే దారిలో నేర్చుకున్నారు. ఫైలు తెరవడానికి వాడే పాత ఓపెన్ కాల్ ఉంది కదా, దానికి తెలియని ఫ్లాగు ఇస్తే అది పట్టించుకోకుండా ఊరుకుంటుంది. చూడ్డానికి పెద్దమనిషి తరహా. కానీ దానివల్ల కొత్త ఫ్లాగు పెట్టడం గండమైపోయింది. ఏ మూలనో ఒక పాత ప్రోగ్రాము ఆ బిట్టులో చెత్త పంపిస్తూ ఉండొచ్చు, నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఆగిపోవచ్చు. చివరికి 2020 మార్చిలో వచ్చిన 5.6లో ఓపెన్ఎట్2 అని ఇంకో కాల్ పెట్టారు. ఇది తెలియని బిట్టు కనపడితే వెంటనే తప్పు అని చెబుతుంది. అంతకుముందు పైప్, డప్ కాల్స్‌కి అసలు ఫ్లాగులకి చోటే లేదు. 2008లో 2.6.27లో పైప్2, డప్3 అని కొత్తవి పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు కొత్త సిస్టం కాల్ తెచ్చేవాళ్ళకి కెర్నెలు పత్రాలు చెప్పేది ఒకటే. ఫ్లాగుల కోసం ఒక చోటు ఉంచండి, తెలియని ఫ్లాగు వస్తే ఒప్పుకోకండి. వాడేవాడు లేని ఫంక్షనుని గుమ్మంలోంచే పంపేసే అదే పెద్దమనుషులు, వాడేవాడు లేని చోటుని మాత్రం అడిగి మరీ పెట్టిస్తున్నారు! జాగా వదలాలి, దానికి తాళం కూడా వెయ్యాలి.

మరి జాగా వదలకపోతే ఏమవుతుందో మన తెలుగు ఐటీ జనాలకి చెప్పేదేముంది? వై2కే! సంవత్సరానికి రెండే అంకెలు. 80 గళ్ళ పంచ్ కార్డు రోజుల్లో అది తెలివితక్కువ పని కాదు. ప్రతి తేదీకీ రెండేసి గళ్ళు మిగిలేవి, కార్డులో నలభయ్యో వంతు. రికార్డులు లక్షల్లో ఉంటే ఆ మిగులు చిన్నదేం కాదు. జాగాకీ ఖరీదుంటుందని ఒప్పుకోవాలి. కానీ గళ్ళు చవకయ్యాక కూడా ఆ రెండంకెలు అలాగే ఉండిపోయాయి. 1990ల చివర్లో ప్రపంచమంతా కూర్చుని పాత కోబాలు తిరగేసింది. ఆ పనిమీదే మనవాళ్ళు ఎంతమంది విమానం ఎక్కారో ప్రతి ఇంట్లోనూ చెబుతారు. అమీర్‌పేట వెలిగిందీ ఆ రోజుల్లోనే. ఎవరో వదలని రెండు గళ్ళలోంచి మన మధ్యతరగతి సగం పుట్టిందని సరదాగా అనొచ్చు. కానీ ప్రతిసారీ అలా కలిసిరాదు.

2038 అలాంటిదే. యూనిక్సులో కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకండ్లుగా లెక్కపెడతారు. 32 బిట్లలో ఆ లెక్క 2038 జనవరి 19తో నిండిపోతుంది. 2019లో 5.1 కెర్నెల్లో 32 బిట్ల మెషీన్ల కోసం 64 బిట్ల కాలంతో కొత్త కాల్స్ పెట్టారు. ఆ పని 5.6కి దాదాపు పూర్తయింది. గడువుకి పద్ధెనిమిదేళ్ళ ముందు! ఇది సోమలింగం కాదా? కాదు. 2020లో ఒక లిఫ్టులోనో, కరెంటు సబ్‌స్టేషనులోనో బిగించిన డబ్బా 2038లో అక్కడే నడుస్తూ ఉండొచ్చు, దాని దగ్గరకి వెళ్ళి మార్చేవాడు ఉండకపోవచ్చు. డబ్బా గేటు దాటిన రోజే దాని అవసరం పుట్టింది. మనకి కనపడేది 2038లో, అంతే.

జాగా వదిలేస్తే పని అయిపోయినట్టు కాదని కూడా చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని ఒక తెలుగు అక్షరం పడగొట్టింది, గుర్తుందా? 'జ్ఞా' అక్షరం మధ్యలో, కంటికి కనపడని విడదీసే గుర్తు ఒకటి ఇరికించి పంపితే, అందుకున్న ఫోనులో ఆ యాప్ కూలిపోయేది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిచేశారు. మెమొరీ పాడవుతోందనీ, వచ్చే అక్షరాల్ని సరిగ్గా పరీక్షించేలా మార్చామనీ ఆపిల్ చెప్పింది. తెలుగులో ఎవరూ మామూలుగా రాయని కూర్పు అది. రాసేవాడు లేడు కాబట్టి ఆ దారిలో ఎవరూ నడవలేదు. నా రెండో ఫిల్టరు కథే, కాకపోతే ప్రపంచవ్యాప్తంగా. మనుషులు తిరగని దారిలో పాములుంటాయి. కోడైనా అంతే.

ఇంతకీ తేలిందేమిటి? నేను ఇన్నాళ్ళూ అడుగుతున్న ప్రశ్న సగమే. "వాడేవాడెవడు?" అన్నది కోడుని అడగాల్సిన ప్రశ్న. జాగాని అడగాల్సిన ప్రశ్న వేరు: "తరవాత పెట్టుకోవాలంటే ఎంతమందిని కదిలించాలి?" కెర్నెలు లోపలి ఫంక్షను అయితే రేపు మనమే మార్చుకుంటాం, కాబట్టి ఇవాళ అక్కర్లేదు. బయటివాళ్ళు పట్టుకుని వేలాడే సంకేతాల పట్టిక, సిస్టం కాల్, డిస్కు మీద రాసే రూపం, ఇవైతే తరవాత ఊరంతా కదలాలి, కాబట్టి చోటు ఇవాళే వదలాలి. ఇక అవసరం ఉందో లేదో చూసేటప్పుడు, అడిగినవాళ్ళని లెక్కపెడితే సరిపోదు, సర్దుకుపోతున్న వాళ్ళని కూడా వెతకాలి. నెట్ సెంటర్ అబ్బాయి లెక్కలో తెలుగు అడిగింది నేనొక్కణ్ణే. వాడి లెక్క తప్పు కాదు, కానీ దాన్నిబట్టి తెలుగు అక్కర్లేదనుకుంటే మాత్రం తప్పే.

సరే, కుర్రాడి ప్యాచ్ ఏమైందంటారా? మర్నాడు పిలిచి, నలభై లైన్లూ ఉంచి ఆరువందలూ తీసెయ్యమన్నాను. మొహం మాడ్చుకున్నాడు. తరవాత ఇంకో మూడు లైన్లు కలపమన్నాను. బయటి ప్రోగ్రాములతో మాట్లాడే స్ట్రక్చరులో ఒక ఖాళీ గడి, అందులో సున్నా తప్ప ఇంకేం వచ్చినా తిప్పి పంపే చెక్కు. "ఇదెందుకన్నా, దీన్నెవరు వాడతారు?" అన్నాడు. నా ప్రశ్న నాకే తగిలింది.

"ఎవరూ వాడరు. దానికే పెట్టమంటున్నా" అన్నాను.

"మరి ఆ రెండో కార్డు నిజంగా వస్తే?"

"వస్తే నువ్వే రాద్దువుగాని. అప్పుడు కార్డు నీ బల్ల మీద ఉంటుంది, ఊహించక్కర్లేదు."

ఆ నలభైమూడు లైన్లూ లోపలికి వెళ్ళిపోయాయి. రెండో కార్డు ఇంకా రాలేదు. ఖాళీ గడి మాత్రం ఉంది.